పరుగు బూట్ల నిల్వ క్షీణత

ఒక్కసారి కూడా తొడగకుండా పెట్టెలో దాచి ఉంచిన పరుగు బూట్లు కాలక్రమేణా తమ మెత్తదనాన్ని, అతుకుల బలాన్ని, ఆకారాన్ని కోల్పోవడాన్ని నిల్వ క్షీణత అని చెప్పవచ్చును. బూట్లు అరిగిపోవడానికి వాడకం ఒక్కటే కారణమని సామాన్యంగా భావిస్తారు. కానీ నేటి పరుగు బూట్లలో అధికభాగం నురుగు ప్లాస్టిక్, రబ్బరు, జిగురులతో తయారైనది. ఈ పదార్థాలు గాలిలోని తేమ, ఆమ్లజని, ఓజోన్, వేడిమి, వెలుతురు కారణంగా కదలకుండా ఉన్నచోటనే మార్పు చెందుతాయి. ఈ మార్పు ఎంత త్వరగా వచ్చునన్నది ప్రధానంగా నడిమి సోలును ఏ పదార్థంతో చేశారన్న దానిపై, బూట్లను ఎక్కడ ఉంచారన్న దానిపై ఆధారపడి ఉంటుంది. కొన్ని రకాలు పదేళ్ళ తరువాత కూడా తొడగడానికి పనికివస్తాయి. మరికొన్ని చూపుకు కొత్తవిగా ఉండి, నాలుగడుగులు వేయగానే సోలు పిండిపిండిగా రాలిపోతుంది.

బూటు నిర్మాణం

పరుగు బూటును మూడు పొరలుగా అర్థం చేసుకొనవచ్చును. నేలను తాకే అడుగు సోలు సాధారణంగా రబ్బరుతో చేయబడుతుంది. దాని పైన ఉండే నడిమి సోలు నురుగు ప్లాస్టిక్‌తో చేసిన మెత్తటి పొర. పరుగులో పాదంపై పడే దెబ్బను మ్రింగే పని దీనిదే. పాదాన్ని కప్పి ఉంచే పైభాగం పాలియెస్టర్ లేదా నైలాన్ వల బట్టతో ఉంటుంది. ఈ మూడింటినీ కలిపి పట్టుకొనేది కుట్టు కాదు, జిగురు. పూర్వపు తోలు బూట్లకు, నేటి బూట్లకు ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. కుట్టు ఊడితే మరల కుట్టవచ్చును. జిగురు గానీ, జిగురు అంటుకొని ఉన్న నురుగు గానీ పాడైతే ఆ సౌలభ్యం ఉండదు.

నడిమి సోలుకు ఎక్కువగా వాడే పదార్థాలు రెండు. ఒకటి ఇథిలీన్ వినైల్ ఎసిటేట్, క్లుప్తంగా ఈవీఏ. ఇది 1970ల మధ్యలో పరుగు బూట్లలోకి వచ్చింది. రెండవది పాలియూరెథేన్. 1937లో జర్మనీలోని లెవర్కూసెన్‌లో ఆటో బేయర్, ఆయన సహచరులు దీనిని కనుగొన్నారు. ఈవీఏ తేలికైనది, చౌక. పాలియూరెథేన్ కొంచెం బరువైనది, కానీ నొక్కుకుపోకుండా చాలాకాలం నిలుస్తుంది. వాడకంలో ఎక్కువ మన్నేది పాలియూరెథేన్ కాగా, వాడకుండా ఉంచినప్పుడు త్వరగా నశించేదీ అదే కావడం విచిత్రం.

పాలియూరెథేన్ - జలవిశ్లేషణ

పాలియూరెథేన్ అణువు పొడవాటి గొలుసు వంటిది. బూట్లకు వాడే రకంలో ఈ గొలుసు లింకులలో చాలాభాగం ఎస్టర్ బంధాలు. ఎస్టర్ అనగా ఒక ఆమ్లము, ఒక ఆల్కహాలు కలిసి నీటిని వదలగా ఏర్పడిన బంధం. ఇదే చర్య వెనుకకు కూడా జరుగుతుంది. నీటి అణువు ఎస్టర్ బంధాన్ని చేరితే బంధం తెగి తిరిగి ఆమ్లము, ఆల్కహాలు వస్తాయి. దీనినే జలవిశ్లేషణ అంటారు. నురుగులో కోట్ల కొలది సన్నని గదులు ఉండడం వలన గాలిలోని తేమ లోపలి వరకు చేరగలదు. బూటు తడవనవసరం లేదు, గాలిలో ఉన్న నీటి ఆవిరి చాలును.

ఈ చర్యలో గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. బంధం తెగినప్పుడు పుట్టే ఆమ్లమే తరువాతి బంధాలు తెగడానికి ఉత్ప్రేరకంగా పనిచేస్తుంది. అందువలన క్షీణత మొదట అతి నెమ్మదిగా సాగి, ఒక దశ దాటిన తరువాత వేగం పుంజుకుంటుంది. ఆరేడు సంవత్సరాలు ఏ లోపమూ కనిపించని బూటు మరుసటి ఏడు చేతిలోనే విరిగిపోవడానికి కారణం ఇదే. కొన్నవారు మోసపోయామని అనుకోవడం సహజం. అయితే లోపం ఆ రోజు పుట్టినది కాదు, పెట్టె మూసి ఉన్న కాలమంతా లోపల సాగుతూ ఉన్నదే.

ఎస్టర్ బంధాలకు బదులు ఈథర్ బంధాలు గల పాలియూరెథేన్ కూడా కలదు. అది తేమను బాగా తట్టుకుంటుంది కానీ వెలుతురుకు, ఆక్సీకరణకు త్వరగా లోబడుతుంది. అరుగుదలను, చిరుగుదలను తట్టుకొనే బలం ఎస్టర్ రకానికే ఎక్కువ కనుక పాదరక్షల తయారీలో దానినే ఎక్కువగా వాడుతూ వచ్చారు. ఈ పదార్థాల ఓర్పును తెలుసుకోవడానికి పరిశ్రమలో ఒక పరీక్ష ఉన్నది. నమూనాను 70 డిగ్రీల సెల్సియస్ వేడిమిలో, 95 శాతం తేమలో కొన్ని రోజుల నుండి కొన్ని వారాల వరకు ఉంచి, తరువాత దానిని వంచి చూస్తారు. ఉష్ణమండలపు అడవిని తలపించే పరిస్థితి కనుక దీనికి జంగిల్ టెస్ట్ అనే పేరు వచ్చింది. కొన్నేళ్ళ వార్ధక్యాన్ని కొద్ది రోజులలో రప్పించడమే దీని ఉద్దేశము.

పర్వతారోహణ బూట్లు, స్కీయింగ్ బూట్లు, 1980, 1990 దశకాలలో గాలి తిత్తులను పాలియూరెథేన్ నురుగులో పొదిగి తయారు చేసిన బూట్లు ఈ క్షీణతకు పేరుపొందినవి. నైకీ సంస్థ 1987లో విడుదల చేసిన ఎయిర్ మ్యాక్స్, 1988, 1989 సంవత్సరాల ఎయిర్ జోర్డాన్ బూట్ల తొలి ప్రతులను సేకరించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారిలో అనుభవజ్ఞులు వాటిని అద్దాల బీరువాలో చూపుకు ఉంచుతారే కాని తొడుక్కొని నడవరు. కొందరు అదే నమూనాలో తరువాతి కాలంలో వచ్చిన బూట్ల సోళ్ళను ఊడదీసి పాత పైభాగాలకు అతికించుకుంటారు.

ఈవీఏ సోళ్ళు

నేటి సాధారణ పరుగు బూట్లలో ఎక్కువ భాగం ఈవీఏ సోళ్ళు గలవే. ఈవీఏ గొలుసు వెన్నెముక కర్బన బంధాలతోనే కట్టబడినది. ఎసిటేట్ సమూహాలు దానికి ప్రక్కన కొమ్మల వలె ఉంటాయి. తేమ ఒకవేళ కొమ్మను తెంపినా గొలుసు తెగదు. కనుక ఈవీఏ సోలు పాలియూరెథేన్ వలె పొడిపొడిగా రాలడం జరగదు. దానికి శత్రువు తేమ కంటె వేడిమి. ఎండలో నిలిపిన కారులోపల, వేసవిలో రేకుల కప్పు క్రింద ఉంచితే ఈవీఏ ముడుచుకొని పొట్టిదవుతుంది, గట్టిపడుతుంది. పై నుండి బరువు పెడితే నొక్కుకుపోయిన ఆకారంలోనే ఉండిపోతుంది. చల్లని, పొడి చోట పెట్టెలో ఉన్న ఈవీఏ బూట్లు రెండు మూడేళ్ళలో గుర్తించదగినంతగా చెడిపోవు. అందుచేత దుకాణాలలో తగ్గింపు ధరకు లభించే గత సంవత్సరపు నమూనాలను కొనడానికి జంకనవసరం లేదు.

ఈవీఏను ఎక్కువగా తినివేసేది పరుగే. 1985లో కుక్, కెస్టర్, బ్రూనెట్ అనే పరిశోధకులు వెలువరించిన అధ్యయనంలో యంత్రంపై పరీక్షించిన పరుగు బూట్లు 80 కిలోమీటర్ల పరుగుకు సమానమైన దెబ్బల తరువాత తమ అఘాత నిరోధక శక్తిలో సుమారు 75 శాతాన్ని మాత్రమే నిలుపుకున్నవి. 400 నుండి 800 కిలోమీటర్ల మధ్య అది 60 శాతం కంటె తగ్గింది. మనుషులు తొడిగి పరుగెత్తిన బూట్లలో నష్టం కొంత తక్కువగా కనిపించింది. నిల్వలో వచ్చే నష్టాన్ని ఈ అంకెల ప్రక్కన పెట్టి చూడాలి. చెక్కుచెదరని కొత్త ఈవీఏ బూటు రెండేళ్ళు పెట్టెలో ఉండి పొందే నష్టం, ఒక క్రీడాకారుడు కొద్ది వారాల సాధనలో దానికి కలిగించే నష్టం కంటె తక్కువే.

రబ్బరు, జిగురు, బట్ట

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో రబ్బరును గట్టిపరచే పద్ధతిని కనుగొన్న తరువాతనే రబ్బరు సోలు సాధ్యమైనది. అయినను రబ్బరు శాశ్వతం కాదు. గాలిలో అతి స్వల్పంగా ఉండే ఓజోన్, సాగదీసి లేదా వంచి ఉంచిన రబ్బరుపై సన్నని పగుళ్ళను కలిగిస్తుంది. మోటార్లు, విద్యుత్ నిప్పురవ్వలు ఉన్నచోట ఓజోన్ ఎక్కువ. ఆక్సీకరణ వలన రబ్బరు క్రమంగా బిరుసెక్కి నేలపై పట్టు తగ్గుతుంది. వర్షాకాలంలో తడి గచ్చు మీద జారిపడే ప్రమాదం ఇటువంటి సోళ్ళతోనే ఎక్కువ.

నురుగు బాగున్నా జిగురు విడిపోవచ్చును. సోళ్ళను అతికించే జిగుళ్ళలో చాలావాటిని కర్మాగారంలో వేడిచేసి అంటిస్తారు. మరల అంతటి వేడిమి తగిలితే అవి మెత్తబడతాయి. మూసిన కారులో మే నెల మధ్యాహ్నం ఆ స్థాయికి దగ్గరగా వెళ్ళడం కష్టమేమీ కాదు.

తెల్లని బట్ట భాగాలు చీకటి పెట్టెలో ఉండి కూడా పసుపుపచ్చగా మారడం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ప్లాస్టిక్ సంచులలో నిలవకు కలిపే కొన్ని రసాయనాలు, గాలిలోని నైట్రోజన్ ఆక్సైడులతో కలిసి పసుపు రంగు పదార్థంగా మారి బట్టకు పట్టడం దీనికి ఒక కారణం. ఈ పసుపు వలన బూటు బలం తగ్గదు, చూపు మాత్రమే చెడుతుంది.

పాత బూట్లు ఎందుకు నిలిచినవి

1954 మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో మైలు పరుగును నాలుగు నిమిషాల లోపు పూర్తిచేసిన మొదటి వ్యక్తి రోజర్ బానిస్టర్ తొడిగిన తోలు బూట్లు 2015లో లండన్‌లో క్రిస్టీస్ వేలంలో 2,66,500 పౌండ్లకు అమ్ముడుపోయినవి. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగులో నాలుగవ స్థానం పొందిన మిల్ఖా సింగ్ తన ఆనాటి బూట్లను దాతృత్వ వేలానికి ఇవ్వగా 2012లో నటుడు రాహుల్ బోస్ 24 లక్షల రూపాయలకు కొన్నారు. అర్ధ శతాబ్దం గడిచినా ఇవి రూపం చెడకుండా ఉండడానికి కారణం వాటిలో నురుగు లేకపోవడమే. పలుచని తోలు, కుట్టు, ఇనుప మేకులు మాత్రమే వాటి నిర్మాణం.

వాడని బూట్లకు ప్రసిద్ధమైన ఉదాహరణ 1972లో అమెరికా ఒలింపిక్ ఎంపిక పోటీల కొరకు చేతితో తయారుచేసిన నైకీ 'మూన్ షూ'. దీనిని ఎవరూ తొడగని ఒక జత 2019 జూలైలో న్యూయార్క్ సోథిబీస్ వేలంలో 4,37,500 డాలర్లు పలికింది. ఆ ధర పలికినది చరిత్రకే కాని పరుగుకు పనికివచ్చునని కాదు.

మన పాఠశాలల్లో ఒకప్పుడు డ్రిల్లు పీరియడుకు తొడిగి, శనివారం సుద్ద పూసి ఆరబెట్టిన తెల్ల కాన్వాస్ బూట్లు కూడా ఈ కోవకు చెందినవే. వాటి సోలు పలుచని రబ్బరు. మోకాళ్ళకు ఏ రక్షణా ఇవ్వకపోయినా అవి అటక మీద ఏళ్ళ తరబడి ఉండి, తమ్ముళ్ళ కాళ్ళకు అందేవి. నేటి మెత్తని బూట్లకు ఆ అలవాటును యథాతథంగా వర్తింపజేయడమే చిక్కులకు మూలం.

హైదరాబాదులో

హైదరాబాదు నగరంలో పరుగు బూట్ల వాడకం బాగా పెరిగినది గత రెండు దశాబ్దాలలోనే. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్‌లను ఆనుకొని ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనం 1998లో ప్రకటింపబడింది. దాని చుట్టూ ఉన్న నడకదారి నగరంలో నడకకు, పరుగుకు ప్రసిద్ధమైన చోటు. ఫిల్మ్ నగర్ పరిసరాలలో నివసించే సినీ పరిశ్రమ వారు కూడా ఉదయం పూట ఇక్కడ కనిపిస్తూ ఉంటారు. 2007లో ఏర్పడిన హైదరాబాద్ రన్నర్స్ సంఘం 2011 నుండి నగరంలో మారథాన్ నిర్వహిస్తూ వచ్చింది. సాధారణంగా ఆగస్టు నెలలో, అనగా నడి వర్షాకాలంలో ఈ పరుగు జరుగుతుంది.

నగరపు వాతావరణం నిల్వ బూట్లకు రెండు విధాలుగా పరీక్ష పెడుతుంది. మే నెలలో గరిష్ఠ ఉష్ణోగ్రత తరచుగా 40 డిగ్రీలను తాకుతుంది. పై అంతస్తు అటకలలో, శ్లాబు క్రింద వేడి రాత్రి వరకు తగ్గదు. వెంటనే జూన్ నుండి సెప్టెంబరు వరకు తేమ కాలం. రసాయన చర్యల వేగం ప్రతి పది డిగ్రీలకు సుమారు రెట్టింపు అవుతుందనే స్థూల సూత్రాన్ని బట్టి, 25 డిగ్రీల గదిలో ఉన్న బూటు కంటె 35 డిగ్రీల అటకపై ఉన్నది సుమారు రెండింతలు త్వరగా ముసలిదవుతుంది. అయినా దక్కన్ పీఠభూమి ఎండాకాలం పొడిగా ఉండడం కొంత మేలు. విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు వంటి సముద్రతీర పట్టణాలలో ఏడాది పొడుగునా తేమ ఎక్కువ కనుక పాలియూరెథేన్ సోళ్ళకు అక్కడ ఆయువు మరింత తక్కువ.

ఈ విషయం కేవలం సరదాగా నడిచేవారికి సంబంధించినది కాదు. పోలీసు కానిస్టేబుల్, ఎస్సై నియామకాలకు తెలంగాణలో 2022లో జరిపిన శారీరక పరీక్షలలో పురుషులకు 1600 మీటర్లు, స్త్రీలకు 800 మీటర్ల పరుగు పెట్టారు. ఇటువంటి పరీక్షకు ఏళ్ళ తరబడి సిద్ధమయ్యే యువతలో ఒక మంచి జత బూట్లను పరీక్ష రోజు కొరకే పెట్టెలో దాచుకొనే అలవాటు, అన్నగారు వాడకుండా వదిలిన జతను అందుకొనే అలవాటు ఉన్నవి. ఆ ఒక్క పరుగులో సోలు ఊడితే మరొక నోటిఫికేషన్ వరకు వేచి ఉండవలసినదే. దాచిన బూట్లను కనీసం రెండు మూడు వారాల ముందు బయటకు తీసి సాధనలో తొడిగి చూడడం అవసరం. దీనివలన లోపం బయటపడడమే కాక పాదానికి బూటు అలవాటవుతుంది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు బూట్ల దుకాణాలు, మైదానాలు, ఉద్యానవనాలు అన్నీ మూతపడ్డాయి. ఆ ఏడాది మే నెలలో మలేషియాలోని ఒక పెద్ద దుకాణంలో వారాల తరబడి మూసి ఉన్న తోలు బూట్లు, సంచులపై తెల్లని బూజు పట్టిన చిత్రాలు ప్రపంచమంతటా వ్యాపించినవి. తోలుకు బూజు పట్టడం, నురుగులో జలవిశ్లేషణ జరగడం వేర్వేరు విషయాలు. మొదటిది జీవసంబంధమైనది, శుభ్రపరచుకొనవచ్చును. రెండవది తిరిగి బాగు కానిది. రెండింటికీ తేమే ఆధారం.

సినిమా ఫిల్ముతో పోలిక

బూటు సోలుకు పట్టే ఈ రోగమే ఫిల్మ్ నగర్‌కు మరొక రూపంలో చిరపరిచితం. సినిమా ఫిల్ము పట్టీ చాలాకాలం సెల్యులోజ్ ఎసిటేట్‌తో తయారయ్యేది. తేమ, వేడిమి తగిలినప్పుడు దానినుండి ఎసిటిక్ ఆమ్లం విడుదల అవుతుంది. డబ్బా మూత తీయగానే ఘాటైన వెనిగర్ వాసన వస్తుంది కనుక దీనికి వెనిగర్ సిండ్రోమ్ అని పేరు. ఇక్కడ కూడా పుట్టిన ఆమ్లమే నాశనాన్ని వేగవంతం చేస్తుంది. ఫిల్ము కుంచించుకొని, వంకరలు పోయి, చివరకు ప్రొజెక్టరులో ఎక్కించడానికి వీలుకాని స్థితికి వస్తుంది. 21 డిగ్రీల వేడిమి, 50 శాతం తేమలో తాజా ఎసిటేట్ ఫిల్ముకు ఈ రోగం మొదలు కావడానికి సుమారు 40 ఏళ్ళు పడుతుందని అమెరికాలోని ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనా. మన గదుల వేడిమిలో ఆ వ్యవధి ఇంకా తగ్గుతుంది.

1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద నేడు చూడడానికి లభించదు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ ఫిల్ముల గిడ్డంగిలో జరిగిన అగ్నిప్రమాదంలో ఎన్నో పాత భారతీయ చిత్రాలు బూడిదయ్యాయి. మిగిలిన ఫిల్ములను కాపాడే విద్యను నేర్పడానికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ 2019 డిసెంబరులో హైదరాబాదులోని అన్నపూర్ణ స్టూడియోస్‌లో కార్యశాల నిర్వహించింది. అక్కినేని నాగేశ్వరరావు శతజయంతి సందర్భంగా 2024 సెప్టెంబరులో ఆయన చిత్రాలు పలు నగరాలలోని థియేటర్లలో మరల ప్రదర్శింపబడినవి. ఫిల్ము పాడైతే దానిపై ఉన్న బొమ్మను మరొక చోటికి ఎక్కించుకొనే అవకాశమైనా ఉన్నది. బూటుకు ఆ వీలు లేదు.

క్షీణతను గుర్తించడం

పాత పెట్టెలోని బూటును తొడిగే ముందు నడిమి సోలు అంచును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. వేలి గుర్తు వెంటనే పూడుకుంటే నురుగు బాగున్నట్లే. గుర్తు అలాగే నిలిచినా, పొడి రాలినా, జిడ్డుగా అంటుకున్నా పాలియూరెథేన్ చెడినట్లు గ్రహించాలి. తరువాత ముందుభాగాన్ని రెండు చేతులతో వంచి, సోలు పైభాగంతో కలిసేచోట సందు విడుతున్నదేమో గమనించాలి. సోలు ప్రక్కన వెంట్రుకవాసి పగుళ్ళు, పుల్లని వాసన కూడా సూచనలే. పైకి అంతా బాగున్నా మొదటి రోజు ఇంటి దగ్గర కొద్ది దూరం నడిచి చూడడం క్షేమం. ఇంటికి దూరంగా కొండదారిలో రెండు సోళ్ళూ ఒకేసారి ఊడిపోవడం పాత ట్రెక్కింగ్ బూట్ల విషయంలో అరుదైన సంగతి కాదు. రెండూ ఒకేనాడు తయారై, ఒకే పెట్టెలో ఉన్నవి కదా.

తయారీ తేదీని తెలుసుకోవడం కష్టం కాదు. ప్యాకేజీ వస్తువులకు సంబంధించిన 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం పెట్టెపై నెల, సంవత్సరం ముద్రించాలి. చాలా సంస్థలు బూటు నాలుక వెనుక చీటీపై కూడా వేస్తాయి. కొన్న తేదీ కంటె ఈ తేదీయే లెక్కకు ముఖ్యం. దుకాణం గోదాములో గడిచిన కాలం కూడా బూటు వయస్సులో భాగమే.

భద్రపరచడం

బూట్లను చల్లగా, పొడిగా, చీకటిగా, గాలి ఆడేచోట ఉంచడం సర్వసమ్మతమైన పద్ధతి. అటక, కారు డిక్కీ, స్నానాల గది ప్రక్క గోడ, మేడమెట్ల క్రింది చెమ్మ చోటు పనికిరావు. సామాన్య గృహంలో పడకగది బీరువా అడుగు అర మేలైనది. లోపల ఆకారం నిలవడానికి రంగు, సిరా లేని కాగితం ఉండలు పెట్టవచ్చును. ఒకదానిపై ఒకటి బరువు పేర్చరాదు. బూట్లతో వచ్చే సిలికా జెల్ పొట్లం కొద్ది వారాలలోనే తేమతో నిండిపోతుంది. ఏళ్ళ తరబడి అదే పొట్లాన్ని పెట్టెలో ఉంచడం వలన ప్రయోజనం లేదు. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసివేయడంపై భిన్నాభిప్రాయాలు ఉన్నవి. బయటి తేమ రాదన్నది నిజమే కాని, లోపల పుట్టిన ఆమ్లపు ఆవిరి కూడా పోదు. బట్టల మధ్య వేసే నాఫ్తలీన్ ఉండలను ప్లాస్టిక్, నురుగు వస్తువుల దగ్గర ఉంచకపోవడమే మంచిది.

అప్పుడప్పుడు తొడిగి నడిస్తే నురుగు గదులలో నిలిచిన తేమ బయటకు పోతుందని పాదరక్షల తయారీదారులు, సేకరణకర్తలు చెబుతారు. పాలియూరెథేన్ సోలు గల బూట్లను దాచడం కంటె వాడుకోవడమే లాభమన్న సలహాకు మూలం ఇదే. తగ్గింపు ధరల కాలంలో ఒకేసారి మూడు నాలుగు జతలు కొని ఉంచుకొనే వారు ఈవీఏ సోళ్ళవైతే రెండు మూడేళ్ళలో వాడగలిగినన్ని, పాలియూరెథేన్‌వైతే వెంటనే వాడబోయే జతను మాత్రమే కొనుట యుక్తం.

ఊడిన సోలును చెప్పులు కుట్టేవారి వద్ద అతికించుకోవడం నురుగు గట్టిగా ఉన్నప్పుడే ఫలిస్తుంది. నురుగే పొడి అయినప్పుడు ఎంత మంచి సొల్యూషన్ పూసినా పట్టడానికి ఆధారం ఉండదు. అటువంటి బూట్లకు పైభాగం బాగున్నపక్షంలో సోలు మొత్తాన్ని మార్పించుకోవడం ఒక్కటే మార్గం. సాధారణ పరుగు బూట్ల విషయంలో దాని ఖర్చు తరచుగా కొత్త జత ధరకు దగ్గరగా ఉంటుంది.